పేరంటం లేని మలుపు

మన ఆడవాళ్ళ జీవితంలో ప్రతి మలుపుకూ ఒక పేరంటం వున్నది. పిల్ల పెద్దమనిషి అయితే చాప వేసి కూర్చోబెట్టి చిమ్మిలి పెడతాం. పెళ్ళి సంగతి సరే సరి. కడుపుతో వుంటే సీమంతం చేసి గాజులు తొడుగుతాం. పురుడు వస్తే తొట్టెలలో వేసి పేరు పెడతాం. ఇరుగు పొరుగు వస్తారు, పాటలు పాడతారు, పసుపు కుంకుమలు తీసుకుని వెళతారు. కాని నలభై అయిదు, యాభై ఏళ్ళ నడుమ ముట్లు ఉడిగిపోయేనాడు మాత్రం ఆ ఇంటికి ఎవ్వరూ రారు. ఆ సంగతి ఇంట్లోని మగవాళ్ళకు తెలియదు, పిల్లలకు తెలియదు. ఆమెకైనా వెంటనే తెలియదు. పన్నెండు నెలలు గడిచి వెనక్కి చూసుకుంటే గాని కడసారి ఏదో తేలదు మరి!

పేరంటం లేకపోతే పోనీయండి. ఓదార్పు కూడా లేకపోవటమే కష్టం. ఆ మూడు నాలుగేళ్ళు మనస్సు పడే అల్లకల్లోలానికి మన ఇళ్ళలో పెట్టే పేర్లు ఏమిటో చూడండి: తిక్క, గయ్యాళితనం, చాదస్తం, కోడలి మీద అక్కసు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ కల్లోలం పిచ్చి కాదు, కత్తితో కోసి తీసివేయవలసిన రోగమూ కాదు. బిళ్ళలు మింగితేనే పోతుందన్న నియమమూ లేదు. దాన్ని దాటించే సాధనాలు చాలావరకు మన ఇంట్లోనే, మన వీధిలోనే వున్నాయి. అయితే వాటిని ఆమె ఒక్కతే సమకూర్చుకోలేదు. ఇంటిల్లిపాదీ చేయి వేయాలి.

నేను రాయికోడులో ఉపాధ్యాయినిని. ఈ ఊరి కోడలినై ఇరవై ఆరేళ్ళయింది. సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు వైపు, కర్ణాటక సరిహద్దుకు చేరువగా వుంటుంది మా ఊరు. వీరభద్రస్వామి గుడి వల్ల చుట్టుపక్కల ఊళ్ళకు మా ఊరి పేరు తెలుసు. నల్లరేగడి భూములు, జొన్న, కంది, పత్తి మా పంటలు. ఒకే వాక్యంలో తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిపి మాట్లాడే నేర్పు మా వాళ్ళకున్నది. ఇన్ని భాషలున్న ఊళ్ళో కూడా ఈ వయస్సులో మనస్సు పడే బాధకు సరిగ్గా ఒక్క మాట లేదు. "గాబరా అయితున్నది" అంటారు. "పానం బాగుంటలేదు" అంటారు. ఆ పైన మాట మింగేస్తారు.

మా వీధిలో నాకు చెల్లెలి వరసైన ఒకామె వున్నది. నలభై ఆరేళ్ళు. ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, రెండెకరాల చేను, ఒక బర్రె. కథ చెప్పుకోవటానికి ఒప్పుకున్నది గాని, పేరు చెప్పటానికి ఒప్పుకోలేదు. కనుక చెల్లె అనే అంటాను. ఒకనాటి సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని అన్నది:

"అక్కా, నాకేమైందో నాకే సమజైతలేదు. కోడలు గిన్నె చప్పుడు చేస్తే గుస్స అయితది. చప్పుడు లేకుంటే ఏడుపొస్తది. రాత్రి రెండు గంటలకు ఒళ్ళంతా నిప్పులు పోసినట్టయి లేస్తున్న. ఇగ తెల్లారేదాక నిద్ర వడతలేదు."

"ఎవరికన్నా చూపించుకున్నవా?" అని అడిగాను.

"చూపించుకున్న. సంచి తీసేస్తే అంతా సాఫ్ అయితదన్నరు. వచ్చే సోమవారం పోతున్నం. మీ మరిది పుస్తెలతాడు కుదువ పెడతానంటున్నడు."

ముట్లు సక్రమంగా రావటం లేదన్న మాటేగాని ఆమెకు అధికంగా రక్తం పోవటం లేదు. నొప్పి లేదు. వున్నదల్లా కోపం, ఏడుపు, నిద్రలేమి. దానికి గర్భసంచి తీసివేయాలట!

శరీరంలో జరిగేదేమిటి?

పుస్తకాలలో దీన్ని రజోనివృత్తి అంటారు. పాశ్చాత్య దేశాలలో ఇది సగటున 51వ ఏట వస్తుంది. మన దేశంలో 46, 47 ఏళ్ళకే వస్తున్నది. ఒక్కరోజులో జరిగిపోయే పని కాదిది. అంతకు ముందు కొన్నేళ్ళపాటు అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒకనాడు పొంగుతుంది, ఒకనాడు కుంగుతుంది. మన మెదడులో ఒంటి వేడిని అదుపులో వుంచే కేంద్రం ఒకటున్నది. ఈస్ట్రోజన్ ఇలా ఊగిసలాడుతుంటే ఆ కేంద్రానికి ఓర్పు తగ్గిపోతుంది. రవ్వంత వేడి పెరిగినా, ఒళ్ళు కాలిపోతున్నదని భ్రమించి రక్తనాళాలను వెడల్పు చేసి, చెమటలు పట్టిస్తుంది. మొహం, మెడ, రొమ్ము మీదుగా వేడి ఆవిర్లు ఎగదన్నటం అందుకే. ఒక్కొక్క ఆవిరి కొద్ది నిమిషాలే వుంటుంది. కాని రోజుకు ఎన్నిసార్లు వస్తుందో, ఎన్నేళ్ళు వస్తుందో మనిషిని బట్టి వుంటుంది. అమెరికాలో 1996లో మొదలుపెట్టి మూడు వేల పైచిలుకు స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద పరిశోధన వున్నది. తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి 7 ఏళ్ళకు పైగా వుంటాయని 2015లో ఆ పరిశోధకులు ప్రకటించారు. ఏడాదిలో పోతుందిలే అని ఊరుకునే సంగతి కాదన్నమాట.

మరి మనస్సు మాట? ఈ వయస్సులో ప్రతి స్త్రీకీ దిగులు పట్టుకుంటుందనుకోవటం తప్పు. చాలామంది కొద్దిపాటి చికాకుతో దాటిపోతారు. కాని కొందరికి ఇది గండమే. ముఖ్యంగా లోగడ ఎప్పుడైనా, పురిటి తరువాత గాని మరొకప్పుడు గాని, దిగులుతో మంచం పట్టినవారికి మళ్ళీ అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ. హార్మోను ఒక కారణం. రాత్రిపూట ఆవిర్లతో నిద్ర చెడటం రెండో కారణం. వరసగా పది రాత్రులు నిద్ర లేకపోతే ఎంత శాంతమూర్తికైనా గిన్నెల చప్పుడు పిడుగులాగే వినిపిస్తుంది గదా! ఇక మూడో కారణం మన సంసారాలే. సరిగ్గా ఈ వయస్సులోనే కూతురు అత్తవారింటికి వెళుతుంది, కోడలు ఇంటికి వస్తుంది, అత్తగారు మంచాన పడుతుంది, కొడుకు ఉద్యోగం కోసం పట్నం వెళతాడు. అన్ని బరువులూ ఒకే భుజం మీద పడే వేళ అది.

కత్తి అవసరమెంత?

ఇక్కడ మన తెలుగువాళ్ళు సిగ్గుపడవలసిన లెక్క ఒకటున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారెందరో తేల్చారు. దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నూటికి ఎనిమిది, తొమ్మిది మంది! మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే ఎందుకు చెడిపోతున్నట్టు? హైదరాబాదుకు చెందిన డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాష్ గార్లు 2009లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవసరం లేకుండా జరుగుతున్న ఈ ఆపరేషన్ల మీద అధ్యయనం వెలువరించి హెచ్చరించారు. రాజస్థాన్‌కు చెందిన డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ ఆపరేషన్లను అరికట్టేందుకు మార్గదర్శక సూత్రాలు తయారుచేసింది. వాటిని అన్ని రాష్ట్రాలూ మూడు నెలలలోగా అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గర్భసంచిలో కాన్సర్ వుంటే, మందులకు లొంగని రక్తస్రావం వుంటే, ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. దాన్ని కాదనేవారెవరూ లేరు. కాని కోపం, దిగులు, నిద్రలేమి గర్భసంచిలో కాపురముండవు. దానితోబాటు అండాశయాలు కూడా తీసేస్తే హార్మోను ఒక్కసారిగా ఆగిపోయి, మెల్లగా రావలసిన ఆవిర్లు వరదలా వచ్చి పడతాయి. అండాశయాలు వుంచినా, సంచి తీసినవారిలో ముట్లుడిగే మార్పులు కొన్నేళ్ళు ముందుగానే రావచ్చు. అంటే ఏ బాధ పోవాలని వెళతారో, ఆ బాధనే కొని తెచ్చుకోవటం!

ఈ మాటలే చెల్లెకు చెప్పాను. సోమవారం నాడు ఆ ఆస్పత్రికి బదులు జహీరాబాదులో మరొక లేడీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆవిడ స్కానింగు చేసి, రక్తం పరీక్ష చేయించి, గర్భసంచికి ఏ దోషమూ లేదన్నారు. థైరాయిడ్ సరిగానే వున్నది. రక్తం కొంచెం తక్కువ. దానికి ఇనుము బిళ్ళలు రాసి ఇచ్చారు. ఆ తరువాత అన్నారు: "నీకు కావలసింది ఆపరేషన్ కాదమ్మా. నిద్ర, నడక, తోడు. మూడు నెలలు ఇవి చేసి చూడు. తగ్గకపోతే మళ్ళీ రా, అప్పుడు మందుల సంగతి ఆలోచిద్దాం."

నిద్ర, నడక, తోడు! వినటానికి ఎంత తేలిక మాటలు! కాని ఒక్కొక్కటీ ఎలా సాధించాలో తెలిస్తేనే గదా!

మొదటిది నిద్ర

నిద్ర పట్టనివారు సాధారణంగా చేసే పని, పెందలాడే పడుకుని పొద్దెక్కేదాకా మంచం మీద దొర్లటం. అది పనికిరాదంటారు నిపుణులు. మంచం అంటేనే మనస్సుకు మెలకువ అలవాటవుతుందట. చేయవలసినదేమంటే, రాత్రి ఎంత నిద్ర పట్టినా పట్టకపోయినా తెల్లవారి ఒకే వేళకు లేవాలి. పగలు పడుకోరాదు. కళ్ళు మూతలు పడుతున్నప్పుడే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వచ్చి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చినప్పుడు తిరిగి వెళ్ళాలి. సాయంత్రం తరువాత టీ ముట్టరాదు. 2016లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 106 మంది స్త్రీల మీద ఈ పద్ధతిని పరీక్షించారు. వాళ్ళందరూ ఈ వయస్సువారే, ఆవిర్లతో నిద్ర చెడినవారే. ఎనిమిది వారాలలో ఆరుసార్లు టెలిఫోనులో మాట్లాడి ఈ క్రమం నేర్పితే, మామూలు సలహాలు విన్నవారికంటే వీరి నిద్ర బాగా మెరుగుపడింది. టెలిఫోనులో నేర్పగలిగిన విద్య అరుగు మీద కూర్చుని నేర్పలేమా?

చెల్లెకు ఇది మొదట నచ్చలేదు. "నిద్రే లేదంటే మంచం మీదికెల్లి లేవమంటవేందక్కా?" అని నవ్వింది. కాని రెండు వారాలకు రెండింటికి బదులు నాలుగింటికి మెలకువ రావటం మొదలైంది. ఆమెకు ఆ రెండు గంటలే పెన్నిధి.

ఆలోచనకు కళ్ళెం

రెండో సాధనం ఆలోచనకు సంబంధించినది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని దానికొక పెద్ద పేరున్నది. పేరు చూసి బెదరకండి. సంగతి చిన్నది. పెళ్ళిలో పదిమంది మధ్య వున్నప్పుడు ఆవిరి ఎగదన్నిందనుకోండి. "అయ్యో, అందరూ నా చెమటే చూస్తున్నారు, నా పరువు పోయింది" అనుకుంటే గుండె దడదడలాడుతుంది, ఆ దడ ఆవిరిని దుర్భరం చేస్తుంది. "ఇది వచ్చింది, మూడు నిమిషాలలో పోతుంది, ఎవరి భోజనం వాళ్ళు చూసుకుంటున్నారు" అనుకుని, భుజాలు వదులు చేసి, పొట్ట నిండా మెల్లగా ఊపిరి తీసి వదిలితే, వచ్చిన ఆవిరి దాని దారిన అది పోతుంది. లండన్‌లో మైరా హంటర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 140 మంది స్త్రీల మీద ఈ పద్ధతిని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి చిన్న జట్లుగా కూర్చోబెట్టి నాలుగు వారాలు నేర్పారు. కొందరికి పుస్తకం ఇచ్చి సొంతంగా నేర్చుకోమన్నారు. ఆరు వారాల నాటికి ఆవిర్ల లెక్క పెద్దగా తగ్గలేదు గాని, అవి పెట్టే బాధ రెండు జట్లలోనూ బాగా తగ్గింది. పుస్తకం చదివి నేర్చుకున్నవారు కూడా వెనకబడలేదు. ఈ వయస్సులో పట్టుకునే దిగులుకు ఈ పద్ధతిని వాడవచ్చునని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లోనే తన సూత్రాలలో రాసుకున్నది.

చెల్లెకు నేను చెప్పింది ఇంతే: కోపం వచ్చినప్పుడు నోరు తెరిచే ముందు, "ఇది కోడలి తప్పా, రాత్రి నిద్ర తప్పా?" అని ఒక్కసారి తనను తాను అడిగి చూసుకొమ్మని. పదిసార్లలో ఏడుసార్లు నిద్ర తప్పే అని తేలిందట. మిగతా మూడుసార్లూ కోడలి తప్పేనని ఇప్పటికీ ఆమె వాదన!

నడకా, యోగమూ

"పొద్దంతా చేన్ల పనే గదా, ఇంకా నడకెందుకు?" అని మా ఊళ్ళో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొలం పని చేసేవారి ఒంటికి కొత్తగా వ్యాయామం అక్కరలేదు. కాని నాలాగా బడిలో కుర్చీకి, పట్నాలలో మనవాళ్ళలాగా వంటింటికి, టీవీకి అతుక్కున్నవారి మాట వేరు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. నడిస్తే ఆవిర్లు తగ్గుతాయని భ్రమ పెట్టుకోకండి. 2014లో అమెరికాలో పరీక్షించి చూస్తే తగ్గలేదు. నిద్రా, దిగులూ మాత్రం కొంత మెరుగుపడ్డాయి. ఎముకలకు, గుండెకు కలిగే మేలు దానికి కొసరు.

యోగం విషయంలో మన పొరుగున బెంగుళూరులోనే మంచి పరిశోధన జరిగింది. స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థవారు 40 నుంచి 55 ఏళ్ళ మధ్య స్త్రీలు 120 మందిని రెండు జట్లు చేశారు. ఎనిమిది వారాలపాటు ఒక జట్టుకు ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం, మరో జట్టుకు మామూలు వ్యాయామం నేర్పారు. 2008లో వెలువడిన ఫలితాలలో యోగం చేసినవారికి ఆవిర్లు, చెమటలు, నిద్ర బాధ ఎక్కువగా తగ్గాయని వున్నది. అయితే 2023లో అమెరికాలోని రజోనివృత్తి వైద్యుల సంఘం అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని చూసి, ఆవిర్లకు మందుగా యోగాన్ని సిఫారసు చేయలేమన్నది. కనుక ఆవిర్ల మాట అటుంచి, మనస్సు కుదుట పడటం కోసం చేయదలచినవారు నిక్షేపంలా చేయవచ్చు. ఖర్చు ఒక చాప.

ఆ సంఘంవారే మరో సంగతి కూడా తేల్చారు. సోయా బిళ్ళలు, మూలికల గుళికలు ఆవిర్లను తగ్గిస్తాయని నమ్మి సిఫారసు చేయటానికి ఆధారాలు లేవట. అంగడిలోనూ, సెల్‌ఫోనులోనూ "ఆడవారి సకల బాధలకు" అని అమ్మే పొడుల డబ్బాలు కొనే ముందు ఈ మాట జ్ఞాపకం వుంచుకోండి. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, పెరుగు ఒంటికి బలం. వాటిని కడుపునిండా తినండి. అందరూ తిన్న తరువాత మిగిలింది తినే అలవాటు ఈ వయస్సులోనైనా మానండి.

తోడు

అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే మనం నిర్లక్ష్యం చేసేది ఇదే. ఈ విషయంలో మా జహీరాబాదు ప్రాంతానికి చెప్పుకోదగ్గ చరిత్ర వున్నది. 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యాన ఇక్కడి పల్లెలలో బీద స్త్రీలు, ముఖ్యంగా దళిత స్త్రీలు, సంఘాలుగా ఏర్పడ్డారు. విత్తనాలు దాచుకున్నారు, బీడు భూములు సాగుచేశారు, చిరుధాన్యాలు పండించారు. 2008 అక్టోబరులో మాచునూరులో సొంతంగా సంగం రేడియో నెలకొల్పి తమ యాసలో తమ మాటలు వినిపించారు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. ఆ సంఘాలు పుట్టింది రజోనివృత్తి కోసం కాదు, విత్తనం కోసం, భూమి కోసం. అయినా వాటిని చూసి నేర్చుకోవలసింది ఒకటున్నది. పనులు ముగించుకున్న ఆడవాళ్ళు పదిమంది ఒకచోట కూర్చుని మాట్లాడుకోవటం అలవాటైతే, ఒంటరిగా మింగిన దుఃఖం సగం అక్కడే దిగిపోతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. గోవాలో వైద్యులు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 2017లో ఒక చక్కని పరిశోధన వెలువరించారు. దిగులు జబ్బు తీవ్రంగా వున్న 495 మంది స్త్రీ పురుషులలో సగం మందికి మామూలు వైద్యంతో బాటు, డాక్టర్లు కాని మామూలు మనుషుల చేత మాట సాయం ఇప్పించారు. వాళ్ళకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారంతే. ఆరు నుంచి ఎనిమిదిసార్లు కలిసి, ఏ పనులు ఒకప్పుడు సంతోషం ఇచ్చేవో గుర్తు చేసి, వాటిని మెల్లగా మళ్ళీ మొదలుపెట్టించటమే ఆ చికిత్స. ఆ సాయం అందినవారిలో మిగతావారి కంటే ఎక్కువమంది కోలుకున్నారు. ఆనందం వచ్చాక పని మొదలుపెడదామని కూర్చుంటే అది రాదు. పని మొదలుపెడితే ఆనందం దాని వెనకాలే వస్తుంది. ఇదీ అందులోని కిటుకు.

మా వీధిలో ఆరుగురం కలిశాం. బుధవారం సాయంత్రాలు మా అరుగు మీదనే. వయస్సు నలభై రెండు నుంచి అరవై దాకా. మొదటి వారం ఎవరూ పెదవి విప్పలేదు. కందిపప్పు ధర గురించి మాట్లాడుకుని లేచిపోయాం. రెండో వారం అరవై ఏళ్ళ పెద్దమ్మ నోరు విప్పింది. "నాకు ఆగిపోయినప్పుడు రెండేండ్లు ఏడ్సిన బిడ్డా. దయ్యం పట్టిందని నిమ్మకాయలు తిప్పిండ్రు. ఎవ్వలన్నా ఒక్కరు, ఇది అందరికీ అయితదే అని చెప్పి వుంటే నిమ్మకాయల పైసలు మిగులు" అన్నది. అందరం నవ్వాం. ఆ నవ్వుతో చెల్లె కళ్ళు తుడుచుకున్నది. ఒకప్పుడు బతుకమ్మ పాటలకు ఆమెదే ముందు గొంతు. మూడేళ్ళుగా పాడటం మానేసిందట. ఆ వారం నుంచి పాట మొదలైంది.

ఇంటివారి వంతు

1975లో మార్చా ఫ్లింట్ అనే అమెరికా పరిశోధకురాలు రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలో 483 మంది రాజపుత్ర స్త్రీలను పలకరించి ఒక వింత సంగతి రాసింది. ముట్లు ఉడిగినందుకు వాళ్ళలో బాధలు చెప్పుకున్నవారు చాలా తక్కువ. కారణం ఏమిటంటే, అప్పటిదాకా ఘోషాలో వున్న ఆ స్త్రీలు ఆ తరువాత ముసుగు తీసి మగవాళ్ళున్న చోటికి వచ్చి కూర్చోవచ్చునట, మాట కలపవచ్చునట. వాళ్ళకు అది శిక్ష కాదు, బహుమానం. తరువాత మన దేశంలో జరిగిన ఎన్నో సర్వేలలో స్త్రీలు ఆవిర్లు, నొప్పులు, దిగులు వున్నాయనే చెప్పారు కనుక, గౌరవం వుంటే ఒంట్లో ఏ బాధా వుండదని నేను అనను. కాని గౌరవం వున్నచోట ఆ బాధ మనస్సును లొంగదీయలేదని మాత్రం నమ్ముతాను.

కనుక భర్తలకు ఒక మాట. "నీకెప్పుడూ ఏదో ఒకటి" అనకండి. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. చెల్లె భర్త మాటకారి కాడు. సంగతి తెలిసిన తరువాత అతను చేసిందల్లా ఒకటే. తెల్లవారుజామున బర్రె పాలు పితికే పని తాను తీసుకున్నాడు. ఆ పని ఇరవై అయిదేళ్ళుగా ఆమెదే. పుస్తెలతాడు కుదువకు పోలేదు. కొడుకులూ, కోడళ్ళూ కూడా గ్రహించవలసింది వున్నది. అమ్మ కసురుకున్నప్పుడు ఎదురు కసరకుండా ఆమె చేతిలోని పని ఒకటి అందుకుంటే చాలు.

మూడు నెలల తరువాత చెల్లెకు అంతా నయమైపోయిందని చెప్పను. ఆవిర్లు ఇంకా వస్తూనే వున్నాయి. ఒక్కొక్కనాడు ఏడుపూ వస్తుంది. కాని "నాకేమైందో" అన్న భయం పోయింది. డాక్టరుగారు మళ్ళీ చూసి, ఇలాగే కానీయమన్నారు.

డాక్టరు ఎప్పుడు కావాలి?

మందు అక్కరలేదని నేను శపథం పట్టటం లేదు. ఆవిర్లు భరించరానివైతే హార్మోను వైద్యం వున్నది. అది ఎవరికి పనికివస్తుందో, ఎవరికి పనికిరాదో డాక్టరు మాత్రమే తేల్చాలి. ముట్లు ఆగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. నలభై ఏళ్ళ లోపే ముట్లు ఆగిపోతే తప్పక వెళ్ళాలి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఈ వయస్సు బాధలకు సలహా, వైద్యం కూడా చేర్చారు. ఎవరైనా గర్భసంచి తీయాలంటే, కారణం కాగితం మీద రాయించుకుని రెండో డాక్టరుకు చూపించండి. నిజంగా అవసరమైతే రెండో ఆవిడ కూడా అదే చెబుతుంది.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, తిండి మీద, పిల్లల మీద ధ్యాస పోతే, బ్రతుకెందుకన్న మాట నోట వస్తే, అది నడకతో, పాటతో తీరేది కాదు. మానసిక వైద్యుల సహాయం అవసరం. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఉచిత టెలిఫోను సేవ ప్రారంభించింది. నెంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ మాట ఇంట్లో ఎవరి నోట విన్నా "ఊరికే అంటున్నదిలే" అని తేలికగా తీసుకోవద్దు.

మీ ఇంట్లో నలభై అయిదు దాటిన అమ్మగాని, అక్కగాని, అత్తగారుగాని వున్నారా? సీరియల్ నవలలో ఈ వారం భాగం చదవటం అయ్యాక, పత్రికను ఈ పేజీ దగ్గర మడిచి ఆవిడ చేతికివ్వండి. చదువు రానివారైతే చదివి వినిపించండి. ఆ పైన వంటింట్లో మిగిలిన గిన్నెలు మీరు కడగండి.